పాత బోర్డు, 6 పిన్ లేని కార్డు: ఓవర్‌క్లాక్ చేస్తే స్లాట్ ఎంతవరకు ఓర్చుకుంటుంది?

మధురవాడ_మెగాహెర్ట్జ్

అందరికీ నమస్తే. మళ్లీ మళ్లీ అడిగించుకోకుండా సిస్టమ్ వివరాలు ముందే రాసేస్తున్నాను.

జీ41 చిప్‌సెట్ బోర్డు, డీడీఆర్3 8 జీబీ. ప్రాసెసర్ కోర్ 2 క్వాడ్ క్యూ6600, జీ0 స్టెప్పింగ్, 2.4 గిగాహెర్ట్జ్ మీదే ఉంది. కార్డు జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ. 6 పిన్ (పవర్ సప్లై నుంచి కార్డుకి నేరుగా కరెంటు తెచ్చే ప్లగ్) లేని మోడల్, కరెంటంతా బోర్డు మీద కార్డు గుచ్చే స్లాట్ నుంచే. ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక హార్డ్ డిస్క్, రెండు క్యాబినెట్ ఫ్యాన్లు. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) క్యాబినెట్‌తో పాటు వచ్చిన 450 వాట్లది.

ఆఫ్టర్‌బర్నర్‌లో (కార్డు క్లాక్ మార్చే సాఫ్ట్‌వేర్) పవర్ లిమిట్ 100 దాటి జరగదు. కోర్ +150 పెడితే ఒక్కోసారి స్క్రీన్ నల్లబడి రెండు మూడు సెకన్లకి తిరిగొస్తోంది, ఒక్కోసారి సిస్టమ్ మొత్తం రీస్టార్ట్ అవుతోంది. బోర్డు పాతది కాబట్టి స్లాట్ సరిపడా కరెంటు ఇవ్వట్లేదా? ఇందులో ఎంతవరకు లాగొచ్చు?

ద్వారకానగర్_గేమర్

బ్రో, జీ41లో ఉన్నది పీసీఐ ఎక్స్‌ప్రెస్ 1.1. దాని స్లాట్ 75 వాట్లే ఇస్తుంది. 2.0 స్లాట్ ఉన్న బోర్డు అయితే 150 వాట్లు వస్తాయి. పాత పీ45 బోర్డు ఏదైనా దొరికితే చూడు, తేడా నీకే తెలుస్తుంది.

పసుపుతీగ

ఈ 150 వాట్ల మాట ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. 1.1 అయినా 2.0 అయినా 3.0 అయినా ఎక్స్16 స్లాట్ నుంచి గ్రాఫిక్స్ కార్డు తీసుకోవాల్సింది గరిష్ఠంగా 75 వాట్లే. 150 అనేది 8 పిన్ కనెక్టర్ లెక్క. 2.0 బోర్డులు వచ్చిన రోజుల్లోనే అదీ వచ్చింది, జనం రెండూ కలిపేశారు.

ఆ 75 కూడా ఒకే లైను మీద కాదు. 12 వోల్టుల మీద 5.5 ఆంప్స్, అంటే 66 వాట్లు. 3.3 వోల్టుల మీద 3 ఆంప్స్, అంటే 9.9 వాట్లు. కార్డులో చిప్‌కి, మెమరీకి వెళ్లేది దాదాపు అంతా 12 వోల్టుల నుంచే. కాబట్టి అసలు గీత 66 దగ్గరుంది. స్లాట్‌లో 12 వోల్టుల పిన్నులు ఐదు, ఒక్కో దానికి 1.1 ఆంప్ చొప్పున ఆ 5.5.

ఇక "బోర్డు ఇవ్వట్లేదు" అన్న మాట. బోర్డు దగ్గర ఇవ్వడం, మానడం అంటూ ఏమీ లేదండీ. 24 పిన్ కనెక్టర్ నుంచి స్లాట్ వరకు చాలా బోర్డుల్లో ఉండేది రాగి గీతలు, నాలుగు ఫిల్టర్ కెపాసిటర్లు. అంతే. వాట్లు లెక్కపెట్టి ఆపే సర్క్యూట్ ఏదీ ఉండదు. కార్డు ఎంత లాగితే అంత పోతుంది. దారి సన్నబడితే వోల్టేజీ పడుతుంది, దారి వేడెక్కుతుంది. పాత బోర్డుతో వచ్చే చిక్కంతా ఇదే.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ప్రాసెసర్‌కి వెళ్లే 12 వోల్టులు విడిగా ఉన్న 4 పిన్ ప్లగ్ నుంచి. స్లాట్‌కి వెళ్లేవి 24 పిన్‌లోని రెండంటే రెండు పసుపు తీగల నుంచి.

గాజువాక_సోల్డర్

గురూ, ముందు ఆ ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద ఏటుందో రాయి. 450 అన్న అంకె వదిలేయ్, అది డబ్బా మీద అందం కోసం. +12వీ పక్కన ఎన్ని ఆంప్స్ ఉందో చూడు. అలగే మెయిన్ ప్లగ్ 24 పిన్నా, 20 పిన్నా, 20+4 ఆ? 24 పిన్ బోర్డుకి 20 పిన్ ప్లగ్ ఒక్కటే పెట్టి వదిలేసినోళ్లున్నారు. అలా పెడితే 12 వోల్టుల పిన్ను ఒకటే తగుల్తాది. స్లాట్ కరెంటు, ఫ్యాన్ల కరెంటు అంతా ఆ ఒక్క తీగ మీదే. మామూలు టెర్మినల్ 6 ఆంప్స్ దగ్గర ఉంటాది. పిన్ను ఎక్కడ కాలిపోద్దో సెప్పనక్కర్లేదు.

మధురవాడ_మెగాహెర్ట్జ్

20+4 అన్నా, నాలుగూ పెట్టే ఉన్నాయి. లేబుల్: +3.3వీ 22 ఆంప్స్, +5వీ 28 ఆంప్స్, +12వీ 16 ఆంప్స్.

ఓమ్స్_లా

లేబుల్ నిజమే చెబుతోందనుకుందాం. 16 × 12 = 192 వాట్లు. ఆ 450లో 12 వోల్టుల వాటా అంతే. మిగతాది 5 మీద, 3.3 మీద ఉంది. ప్రాసెసర్ కూడా 5 వోల్టుల మీద నడిచిన కాలం నాటి డిజైన్ అది, ఇప్పుడు దానితో పనిలేదు.

ఖర్చు చూడండి. క్యూ6600 జీ0 95 వాట్లు. బోర్డు మీద వీఆర్‌ఎం (12 వోల్టుల్ని ప్రాసెసర్‌కి తగ్గించి ఇచ్చే సర్క్యూట్) 80 శాతం పనితనం అనుకుంటే 12 వోల్టుల వైపు నుంచి 119 వాట్లు, అంటే 9.9 ఆంప్స్. కార్డు 5.5. హార్డ్ డిస్క్ 0.6. ఫ్యాన్లన్నీ కలిపి 0.5. మొత్తం 16.5 ఆంప్స్. ఓవర్‌క్లాక్ మాట ఎత్తకముందే లేబుల్ దాటేశారు. గేమ్‌లో ప్రాసెసర్, కార్డు రెండూ ఒకేసారి నూరు శాతం ఉండవు కాబట్టి నడిచిపోతోంది. ఉన్న క్షణాన రీస్టార్ట్.

పైగా ఈ రకం ఎస్‌ఎంపీఎస్‌లో 12నీ 5నీ ఒకే ఫీడ్‌బ్యాక్‌తో నడిపిస్తారు. 12 మీద బరువు పడి 5 ఖాళీగా ఉంటే 12 కిందకి జారి 5 పైకి లేస్తుంది. 5 వోల్టుల లైన్ 5.25 దాటితే హార్డ్ డిస్క్, యూఎస్‌బీ వస్తువుల మీద పడుతుంది దెబ్బ.

కంచరపాలెం_క్లాక్

తమ్ముడూ, నువ్వు చెప్పిన లక్షణాలు రెండూ ఒకే జబ్బు కాదు. విడదీసి చూడాలి.

స్క్రీన్ నల్లబడి తిరిగొస్తే అది డ్రైవర్ రీసెట్. చిప్ 2 సెకన్లలో జవాబివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ని మళ్లీ లేపుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో డిస్‌ప్లే పేరుతో 4101 కనిపిస్తుంది. ఎక్కువసార్లు క్లాక్ అతిగా పెట్టడం వల్లే.

హెచ్చరిక లేకుండా రీస్టార్ట్ అయితే కెర్నల్ పవర్ 41. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే పవర్ గుడ్ సిగ్నల్, అదే బూడిద రంగు తీగ, పడిపోయింది. బోర్డు రీసెట్ అయింది. ఇది కరెంటు జబ్బు. 41 మాత్రం కరెంటు పోయినా, మనమే బటన్ నొక్కి ఆపినా కూడా నమోదవుతుంది, అది ఒక్కటే చూసి తీర్పు చెప్పకు.

మొత్తం ఆరిపోయి, గోడ దగ్గర స్విచ్ ఆపి వేస్తే గానీ లేవకపోతే ఎస్‌ఎంపీఎస్ తనని తాను కాపాడుకుందన్న మాట. అది వస్తే ఇంక ప్రయోగాలు మానెయ్.

నాలుగోది కనిపించకుండా జరుగుతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో (సెన్సర్లు చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి కింద విండోస్ హార్డ్‌వేర్ ఎర్రర్ల లెక్క చూడు, లేదా ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ 17. పీసీఐ లింకులో తప్పులు వచ్చి సర్దుకుంటున్నాయని అర్థం. స్లాట్‌లో మురికి ఉన్నా వస్తాయి, బయోస్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫ్రీక్వెన్సీ ఆటోలో ఉండి ఎఫ్‌ఎస్‌బీతో (ప్రాసెసర్ బస్ క్లాక్) పాటు జరిగినా వస్తాయి. దాన్ని ఆటో నుంచి తీసి 100 మెగాహెర్ట్జ్ దగ్గర కట్టెయ్. 105, 110 పెడితే కార్డు వేగం పెరుగుతుందని చెప్పేవాళ్ల మాట వినకు.

బీచ్‌రోడ్_బెంచ్‌మార్క్

ఇంకో సంగతి ఎవరూ అనలేదు. కోర్ +150 అంటే కార్డుకి పవర్ పెంచడం కాదు. ప్రతి వోల్టేజీ మెట్టు దగ్గరా 150 ఎక్కువ క్లాక్ అడగడం. మీ కార్డు ఇప్పటికే పవర్ గోడకి, అంటే ఆ 100 లిమిట్‌కి, ఆనుకుని ఉంది. జీపీయూ-జడ్ సాఫ్ట్‌వేర్ సెన్సర్లలో పెర్ఫ్‌క్యాప్ రీజన్ (క్లాక్ ఎందుకు ఆగిందో చెప్పేది) అన్న వరసలో గేమ్ నడిచేటప్పుడు "పవర్" చూపిస్తుంది, చూడండి. గోడ తగిలాక కార్డు ఏం చేస్తుంది? తక్కువ వోల్టేజీ మెట్టుకి దిగి అక్కడ మీరడిగిన ఎక్కువ క్లాక్ నడపాలని చూస్తుంది. ఆ వోల్టేజీకి ఆ క్లాక్ నిలబడదు, డ్రైవర్ పడిపోతుంది. కాబట్టి మీ 4101లకి స్లాట్ కారణం కాకపోవచ్చు.

ఇలాంటి కార్డుకి దారి వేరే. ముందు మెమరీ. 1050 టీఐ మెమరీ ఆఫ్టర్‌బర్నర్‌లో 3,504 అని కనిపిస్తుంది, సెకనుకి 112 జీబీ. +100 చొప్పున పెంచుతూ ప్రతి మెట్టు దగ్గరా సూపర్‌పొజిషన్ బెంచ్‌మార్క్ నడిపి స్కోర్ రాసుకోండి. జీడీడీఆర్5లో తప్పు దొరికితే మళ్లీ పంపించే ఏర్పాటు ఉంది. కాబట్టి అతి అయినప్పుడు క్రాష్ అవ్వకుండా స్కోర్ తగ్గడం మొదలవుతుంది. తగ్గిన చోటు నుంచి 100 వెనక్కి వచ్చి ఆగాలి. +400 నిలబడితే 3,904, అంటే దాదాపు 125 జీబీ, 11 శాతం లాభం. ఇలాంటి 128 బిట్ కార్డులో అది కోర్ మీద వచ్చే నాలుగు ఫ్రేముల కన్నా మేలు. మెమరీకి కొంచెం కరెంటు పోతుంది, అదీ కోర్ వాటాలోంచే.

తర్వాత వోల్టేజీ గ్రాఫ్. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్ ఎఫ్ నొక్కితే తెరుచుకుంటుంది. 0.900 వోల్టుల చుక్కని 1,650 దగ్గరికి లేపి, దాని కుడివైపు చుక్కలన్నీ అదే ఎత్తులో సమం చేసి అప్లై నొక్కండి. చిప్‌ని బట్టి 1,600 నుంచి 1,700 మధ్య ఎక్కడో నిలబడుతుంది. 1.05 వోల్టుల నుంచి 0.90కి దిగితే, అదే క్లాక్ దగ్గర చిప్ తినేది నాలుగో వంతు పైనే తగ్గుతుంది. వోల్టేజీ వర్గానికి అనులోమం కదా. గోడ నుంచి దూరం జరిగాక క్లాక్ కిందా మీదా ఊగడం ఆగుతుంది, ఫ్రేములు నిలకడగా ఉంటాయి.

ఓమ్స్_లా

అక్క చెప్పిన లెక్కే తిరగేసి చూడండి. క్లాక్ 5 శాతం పెంచి, దాని కోసం 1.05ని 1.10 చేస్తే: 1.05 × 1.0476 × 1.0476 = 1.152. క్లాక్‌లో 5 కోసం వాట్లలో 15 శాతం. 66 కాస్తా 76 అవుతుంది, స్లాట్ మీద 6.3 ఆంప్స్.

ద్వారకానగర్_గేమర్

అయితే ఆ గోడనే తీసేస్తే? 6 పిన్ ఉన్న మోడల్ బయోస్ దీంట్లో ఎక్కిస్తే పవర్ లిమిట్ పెరుగుతుంది. లేదంటే షంట్ రెసిస్టర్ మీద ఇంకో రెసిస్టర్ సోల్డర్ చేస్తే సరి. వీడియోల్లో చాలామంది చేస్తున్నారు.

పసుపుతీగ

చేస్తున్నారు, కొత్త బోర్డుల మీద, 6 పిన్ ఉన్న కార్డులకి. ఇక్కడ ఏం జరుగుతుందో చూడండి.

షంట్ అంటే కొన్ని మిల్లీ ఓమ్‌ల రెసిస్టర్. దాని మీద పడే వోల్టేజీ చూసి కార్డు తను ఎంత లాగుతోందో లెక్కగడుతుంది. అదే విలువది ఇంకొకటి పైన పెడితే రీడింగ్ సగమవుతుంది. కార్డు 66 అనుకుంటూ 132 దాకా పోవడానికి సిద్ధపడుతుంది. అంత పోదు, చిప్ వోల్టేజీ గరిష్ఠం ముందే అడ్డొస్తుంది. కానీ 85, 90 వాట్లు పోయినా ఆ ఐదు సన్న పిన్నుల మీదుగానే. ఆపే కాపలాదారు ఒక్కడే ఉన్నాడు, వాడి కళ్లకే గంతలు కట్టేశాం.

బయోస్ సంగతి: 1050 టీఐ లాంటి పాస్కల్ తరం కార్డులు మార్చిన బయోస్‌ని ఒప్పుకోవు, సంతకం సరిచూస్తాయి. వేరే మోడల్ అసలు బయోస్ ఎక్కించొచ్చు. అందులో 6 పిన్ వాటా, స్లాట్ వాటా విడివిడిగా రాసి ఉంటాయి. లేని 6 పిన్ కోసం రాసిన పట్టిక ఈ కార్డు మీద సరిగ్గా నడుస్తుందన్న హామీ లేదు. ఫ్యాన్ ఆగిపోవచ్చు, డిస్‌ప్లే పోర్టులు తారుమారు కావచ్చు. నన్నడిగితే 6 పిన్ లేని కార్డు మీద ఈ రెండూ వద్దు.

స్లాట్ గీత దాటితే ఏమవుతుందో 2016లో అందరూ చూశారు. ఆర్‌ఎక్స్ 480 జూన్‌లో వచ్చింది, 150 వాట్ల కార్డు, 6 పిన్ ఒక్కటే. కోర్ ఫేజ్‌లలో (చిప్‌కి కరెంటిచ్చే సర్క్యూట్లు) సగం స్లాట్‌కి కట్టడంతో స్టాక్‌లోనే, అంటే ఓవర్‌క్లాక్ లేకుండానే, స్లాట్ నుంచి 75 దాటి లాగింది. జూలైలో ఏఎమ్‌డీ 16.7.1 డ్రైవర్ ఇచ్చి బరువుని 6 పిన్ వైపు జరిపింది. మొత్తం వాడకం తగ్గించే స్విచ్ కూడా ఒకటి పెట్టింది. 6 పిన్ ప్లగ్‌లో లావు టెర్మినళ్లు, నేరుగా ఎస్‌ఎంపీఎస్ తీగ. అక్కడ పది వాట్లు ఎక్కువైనా ఓర్చుకుంటుంది, స్లాట్ ఓర్చుకోదు.

గాజువాక_సోల్డర్

మన ఊళ్లో దీనికి ఉప్పుగాలి ఒకటి తోడు. సముద్రం పక్కన కిటికీ తెరిచిన గదిలో సిస్టమ్ ఉంటే నాలుగైదేళ్లకి 24 పిన్ ప్లగ్ లోపల ఏటవుద్దంటే, తగరం పూత మసకబారి, అక్కడక్కడ పచ్చగా చిలుము లేస్తాది. పైకి కనపడదు. ప్లగ్ తీసి లైటేసి చూడాలి.

కాలిన ప్లగ్ ఎలాగుంటాదో చెప్తాను, గుర్తుపట్టండి. క్లిప్పు లేని వరసలో ఒక చివర నారింజ రంగు తీగ ఉంటాది. దాని పక్కన రెండు పసుపు, తర్వాత ఊదా. ముందు ఆ రెండు పసుపు గళ్ల నైలాన్ తేనెరంగుకి తిరుగుతాది, తర్వాత కాఫీరంగు. గడి మూల గుండ్రంగా కరిగి బోర్డు పిన్నుకి పట్టేస్తాది, లాగితే ప్లగ్ రాదు. పసుపు తీగ పైతొడుగు ప్లగ్ దగ్గర ఒక సెంటీమీటరు మేర గట్టిపడి, వంచితే చిట్లుద్ది. లోపల టెర్మినల్ నల్లగా, స్ప్రింగు సచ్చి వదులుగా ఉంటాది. అలాంటిది గీకి మళ్లీ పెట్టకండి. వదులైన టెర్మినల్ ఇంకా వేడెక్కుద్ది, వేడెక్కేకొద్దీ ఇంకా వదులవుద్ది. ఎస్‌ఎంపీఎస్ వైపు టెర్మినల్ మార్చాలి, బోర్డు వైపు పిన్ను నల్లబడితే ఆ కనెక్టర్ కూడా మార్చాలి.

కాలకపోతే శుభ్రం చాలు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని బ్రష్. కార్డు బంగారు వేళ్లకి తెల్ల రబ్బరుతో ఒక వైపుగా నెమ్మదిగా రుద్ది, పొడి దులిపి, తర్వాత ఆల్కహాల్. గట్టిగా రుద్దితే పూత లేచిపోద్ది. స్లాట్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, కార్డు రెండు మూడు సార్లు పెట్టి తీసి, పూర్తిగా ఆరాకే కరెంటు.

స్లాట్ పక్కన 16 వోల్టుల కెపాసిటర్లు తల ఉబ్బి ఉన్నాయేమో కూడా చూడు. మార్చాల్సొస్తే అదే విలువ, 16 వోల్టులు లేదా పైన, 105 డిగ్రీల, లో-ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉన్న) రకమే. తీసేముందు ఫోటో తీసుకో, కొన్ని బోర్డుల మీద మైనస్ గుర్తు రంగు తిరగేసి ఉంటాది. 25 వాట్ల ఐరన్‌తో గ్రౌండ్ వైపు కాలు కదలదు, 60 కావాలి.

మధురవాడ_మెగాహెర్ట్జ్

ప్లగ్ తీసి చూశాను అన్నా. పసుపు గళ్లు మిగతావాటి కన్నా కొంచెం పసుపు తిరిగాయి, కరగలేదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో 12 వోల్టుల దగ్గర 11.2 చూపిస్తోంది. భయపడాలా?

పసుపుతీగ

పాత బోర్డుల సెన్సర్ మాట పట్టించుకోవద్దు. వోల్టేజీని రెండు రెసిస్టర్లతో విడగొట్టి చూపిస్తుంది, సాఫ్ట్‌వేర్‌కి ఆ నిష్పత్తి తెలియకపోతే ఏ అంకె అయినా వస్తుంది. మీటర్ పెట్టండి.

డీసీ ఆంప్స్ కొలిచే క్లాంప్ మీటర్ కావాలి. ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే ఏసీ క్లాంప్ ఇక్కడ సున్నా చూపిస్తుంది. ముందు ఖాళీగా జీరో బటన్ నొక్కి, 24 పిన్‌లోని రెండు పసుపు తీగల్ని మాత్రం కలిపి క్లాంప్‌లో పెట్టండి. పక్కన ఊదా, నారింజ తీగలు లోపలికి రాకూడదు. డెస్క్‌టాప్ మీద పది నిమిషాలు వదిలి ఒక రీడింగ్, హెవెన్ (గ్రాఫిక్స్ బెంచ్‌మార్క్) లూప్‌లో ఇరవై నిమిషాలు నడిపి ఇంకొకటి. ఫర్‌మార్క్ (కార్డు మీద అతి లోడ్ పెట్టే పరీక్ష) అక్కర్లేదు, పాత ఎస్‌ఎంపీఎస్‌ని ఊరికే చంపడం. ఫ్యాన్ల వాటా అర ఆంప్ తీసేస్తే మిగిలేది దాదాపు అంతా స్లాట్‌దే.

తర్వాత వోల్టేజీ, రెండు చోట్ల. ఒకటి, పసుపు తీగ ప్లగ్‌లోకి దిగే చోట వెనక నుంచి సన్న సూది దించి. రెండు, బోర్డు మీద స్లాట్ పక్కనున్న 12 వోల్టుల కెపాసిటర్ ప్లస్ కాలు దగ్గర. చేయి వణికితే ఈ పని మానేయండి. 12 వోల్టుల సూది పక్క నారింజ తీగకి తగిలిందంటే 3.3 లైన్ మీద ఉన్నవన్నీ పోతాయి.

ఎస్‌ఎంపీఎస్ ప్రమాణం ప్రకారం 11.40 నుంచి 12.60 వరకు సరే. నేనైతే లోడ్‌లో ప్లగ్ దగ్గర 11.60 కిందకి వస్తే ఓవర్‌క్లాక్ అక్కడితో ఆపమంటాను. రెండు చోట్ల మధ్య తేడా 0.1 లోపు ఉండాలి.

సీతమ్మధార_యూపీఎస్

మధ్యలో చిన్న మాట. 600 వీఏ యూపీఎస్ మీద ఉంటే అది సాధారణంగా 360 వాట్లది. ఈ సిస్టమ్ నిండా లోడ్‌లో గోడ దగ్గర 270 వాట్ల చుట్టూ లాగుతుంది, మానిటర్‌తో 300. గీత లోపలే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ పాత బ్యాటరీతో కరెంటు పోయిన క్షణంలో నిలబడదు. ఇంకోటి, యూపీఎస్ మారే ఆ కొద్ది మిల్లీసెకన్లు ఎస్‌ఎంపీఎస్ లోపలి పెద్ద కెపాసిటర్లే మోయాలి. అవి ఎండిపోతే లోడ్ ఉన్నప్పుడే రీస్టార్ట్ అవుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు కాదు. ఓవర్‌క్లాక్ పరీక్షలు యూపీఎస్ తప్పించి నేరుగా ప్లగ్‌లో పెట్టి చేయండి, లేకపోతే ఏ జబ్బు దేనిదో తెలియదు.

పెందుర్తి_పాతపెట్టె

సెకండ్ హ్యాండ్‌లో దొరికే బ్రాండెడ్ ఆఫీసు పెట్టెల సంగతేంటండీ? చిన్న సైజువి. వాటిలో 24 పిన్ ప్లగ్ లేదు, ఏదో 8 పిన్ ఉంది. జీటీఎక్స్ 1650 కార్డు పెడదామని.

కంచరపాలెం_క్లాక్

అవి వేరే జాతి. ఎస్‌ఎంపీఎస్ నుంచి 12 వోల్టులు మాత్రమే వచ్చి, 5, 3.3 బోర్డు మీదే తయారవుతాయి. మోడల్ సర్వీస్ మాన్యువల్ తీసి ఎక్స్16 స్లాట్ దగ్గర గరిష్ఠ వాట్లు ఎంతని రాశారో చూడండి. చిన్న సైజు పెట్టెల్లో 75 కన్నా తక్కువ రాసినవి ఉన్నాయి. అలాంటిదైతే 75 వాట్ల 1650ని స్టాక్‌లో కూడా పెట్టొద్దు. 30 వాట్ల జీటీ 1030, 50 వాట్ల ఆర్‌ఎక్స్ 550 లాంటివి చూసుకోండి. ఆర్‌ఎక్స్ 6400 కూడా 53 వాట్లే గానీ దానికి నాలుగు లేన్లే (డేటా దారులు), 2.0 స్లాట్‌లో బాగా నీరసిస్తుంది.

ద్వారకానగర్_గేమర్

ఇతనికి 6 పిన్ ఉన్న 1050 టీఐ మోడల్ మార్చుకుంటే సరిపోదా? ఎస్‌ఎంపీఎస్‌లో 6 పిన్ లేదు కాబట్టి సాటా నుంచి 6 పిన్ కన్వర్టర్ పెట్టుకోవచ్చు.

ఓమ్స్_లా

సాటా పవర్ ప్లగ్‌లో 12 వోల్టులకి మూడు పిన్నులు, ఒక్కోటి 1.5 ఆంప్. 4.5 ఆంప్స్, 54 వాట్లు. 6 పిన్ 75 అడగొచ్చు. ఆ కన్వర్టర్ ప్లాస్టిక్ కరిగిన ఫోటోలు కావలసినన్ని. మోలెక్స్ రెండు కలిపి ఒక 6 పిన్ చేసే కన్వర్టర్ అయితే కొంత నయం, అదీ రెండు మోలెక్స్‌లూ వేర్వేరు తీగల మీద ఉంటేనే. ఒకే తీగ మీద వరసగా ఉన్న రెండింటికి గుచ్చితే ప్రయోజనం లేదు. ఏం పెట్టినా 12 వోల్టుల మీద 16 ఆంప్స్ 16గానే ఉంటుంది. బరువు స్లాట్ నుంచి తప్పుతుంది, ఎస్‌ఎంపీఎస్ నుంచి తప్పదు.

మధురవాడ_మెగాహెర్ట్జ్

క్లాంప్ దొరికింది. యూపీఎస్ లేకుండా, అన్నీ స్టాక్‌లో ఉంచి తీసిన రీడింగులు:

డెస్క్‌టాప్ మీద: 1.1 ఆంప్, ప్లగ్ దగ్గర 12.02, కెపాసిటర్ దగ్గర 11.98.
హెవెన్ లోడ్‌లో: 6.2 ఆంప్స్, ప్లగ్ దగ్గర 11.71, కెపాసిటర్ దగ్గర 11.49.

ఓమ్స్_లా

రెండు జబ్బులూ ఉన్నాయి. ఎస్‌ఎంపీఎస్ తనంతట తానే 0.31 జారింది. ప్లగ్ నుంచి స్లాట్ వరకు ఇంకో 0.22 పోయింది. 0.22 ÷ 6.2 = 35 మిల్లీ ఓమ్‌లు. ఆరోగ్యంగా ఉన్న ప్లగ్, గీతలు కలిపి దీంట్లో మూడో వంతు కూడా ఉండకూడదు. అక్కడ ఖర్చయ్యేది 0.22 × 6.2, అంటే దాదాపు 1.4 వాట్లు. వినడానికి తక్కువే. రెండు టెర్మినళ్లలో, గాలి తగలని నైలాన్ గడిలో 1.4 వాట్లు అంటే పసుపు తిరగడానికి కారణం అదే.

ఇంకోటి గమనించండి. ఫ్యాన్లు తీసేస్తే 5.7 ఆంప్స్, అంటే స్టాక్‌లోనే 5.5 దాటారు. కార్డు 66 వాట్ల లెక్కతో నడుస్తుంది, ఆంప్స్‌తో కాదు. వోల్టేజీ 11.5కి పడితే అదే 66 కోసం 5.74 ఆంప్స్ లాగుతుంది. వోల్టేజీ పడితే కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే వోల్టేజీ ఇంకా పడుతుంది.

గాజువాక_సోల్డర్

ఎస్‌ఎంపీఎస్ మార్చెయ్ గురూ. 12 వోల్టుల మీద ఒకే లైనుగా 30 ఆంప్స్ పైన ఉన్నది, 80 ప్లస్ (కరెంటు వృథా తక్కువని చెప్పే) గుర్తున్న మంచి 450 చాలు. కొత్త ప్లగ్ వస్తే కొత్త టెర్మినళ్లు కూడా వచ్చినట్టే. బోర్డు వైపు పిన్నులు మాత్రం ఆల్కహాల్‌తో తుడిచాకే పెట్టు, లేకపోతే పాత చిలుము కొత్త ప్లగ్‌కి అంటుకుంటాది.

మధురవాడ_మెగాహెర్ట్జ్

మార్చాను, పిన్నులు తుడిచాను. కొత్తది 12 వోల్టుల మీద 36 ఆంప్స్. స్టాక్‌లో లోడ్: 6.0 ఆంప్స్, ప్లగ్ దగ్గర 12.03, కెపాసిటర్ దగ్గర 11.98. రీస్టార్ట్‌లు లేవు.

అక్క చెప్పినట్టు మెమరీ +400 నిలబడింది, +500 దగ్గర స్కోర్ తగ్గింది. గ్రాఫ్‌లో 0.900 దగ్గర 1,658 నిలిచింది, 1,671 పెడితే 4101 వస్తోంది. ఆ సెట్టింగ్‌తో లోడ్‌లో 4.9 ఆంప్స్. ఇప్పుడు 5.5 వరకు ఖాళీ ఉంది కదా, 0.950 దగ్గర ప్రయత్నించొచ్చా?

బీచ్‌రోడ్_బెంచ్‌మార్క్

ప్రయత్నించండి. ఫ్యాన్లు తీస్తే మీది ఇప్పుడు 4.4, అంటే ఒక ఆంప్ పైన ఖాళీ. 0.950 చుక్కని 1,720 దగ్గర మొదలుపెట్టి 13 చొప్పున పెంచండి, పాస్కల్ క్లాక్ దాదాపు ఆ మెట్లలోనే కదులుతుంది. పెర్ఫ్‌క్యాప్ రీజన్‌లో పవర్ అన్న మాట తరచూ కనిపించడం మొదలైతే ఒక మెట్టు దిగండి.

పసుపుతీగ

స్లాట్ వాటా 5.2 దాటనివ్వకండి, మిగతాది క్షణకాలపు ఎగుడుదిగుళ్లకి వదలాలి. ఈ రీడింగులు ఏ నెలలో తీశారో కూడా రాసిపెట్టుకోండి. మే నెలలో, ఏసీ లేని గదిలో ఇదే పరీక్ష మళ్లీ చేయండి. చిప్ వేడెక్కితే లీకేజీ పెరిగి అదే క్లాక్‌కి ఎక్కువ ఆంప్స్ పోతాయి. అప్పుడు ప్లగ్‌కీ కెపాసిటర్‌కీ మధ్య తేడా 0.1 దాటితే ముందు చూడాల్సింది బోర్డు వైపు పిన్నులనే.